ఏడు కుండీలు, ఏడు చీటీలు

"ఇది నీ సంచీలోకి ఎలా వచ్చింది?"

భార్య గొంతు అంత మెల్లగా పలికిందంటే విషయం చిన్నది కాదని మాస్టారికి తెలుసు. చదువుతున్న పేపరు దించకుండా అంచు మీదుగా చూశారు.

ఆదివారమైనా కోడలికి ల్యాబులో డ్యూటీ ఉంది. ఆమె సంచీలో టిఫిన్ డబ్బా పెట్టబోయిన అత్తగారి చేతికి అడుగున ఏదో కాగితం పొట్లం తగిలింది. ఇప్పుడది ఆవిడ అరచేతిలో విప్పి ఉంది. జానెడు ఆకు ముక్క. ముదురాకుపచ్చ మీద లేత చారలు, అంచు వెంబడి పసుపు గీత. కింద తిన్నగా కోసిన కోత. ఆ కోత మీద తెల్లటి పొర ఎండి ఉంది.

పాము మొక్క ఆకు. కూతురు పిచ్చుక పెట్టిన పాము మొక్క.

"నిన్నే అడుగుతున్నాను. గోడతో మాట్లాడుతున్నానా?"

"నేనే పెట్టుకున్నాను అత్తయ్యా."

"కోసిందెవరు?"

"నేనే."

"కత్తి పెట్టి కోశావా?"

"బ్లేడుతో," అంది కోడలు. ఆ వివరం అక్కర్లేదని అన్నాక తెలిసినట్టుంది, పెదవి కొరుక్కుంది.

అత్తగారు ఏడవలేదు. ఆ ఇంట్లో ఏడుపు యాభై రెండు రోజుల కిందట మొదలై, మధ్యలో ఎక్కడో ఎవరికీ తెలియకుండా ఆగిపోయింది. ఆ తర్వాత మిగిలినవి ఇలాంటి మాటలే.

"నీళ్ళు పారబోస్తోంది కూడా నువ్వేగా? మంగళవారం చూశాను. కుండీని ఎత్తి వంచి బాత్రూములో ఒంపుతున్నావు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నోరు పారేసుకోవడం ఎందుకులే అనుకున్నాను."

"మట్టి అడుగుదాకా తడిగా ఉందత్తయ్యా. దాని మీద ఇంకా పోస్తే..."

"చీటీ మీద ఏముంది? వెళ్ళి చదువు."

"నాకు తెలుసత్తయ్యా."

"చదవమన్నాను."

కోడలు గదిలోకి వెళ్ళలేదు. ఉన్నచోటే నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "రెండు రోజులకోసారి, నిండుగా. తల వాల్చేస్తే కంగారు పడకు. నీళ్ళు తాగి మళ్ళీ లేస్తుంది."

"ఎవరు రాశారు?"

"పిచ్చుక."

"మరి? మొక్కల కొట్లో పని చేసింది అదా, నువ్వా? వాళ్ళూ వీళ్ళూ ఇంటికి పిలిచి, ఏ మూల ఏ మొక్క పెట్టాలో దాన్ని అడిగారా, నిన్నడిగారా? రక్తం సీసాలు కడిగేదానికి నీకేం తెలుసు?"

"కడగనత్తయ్యా, పరీక్ష చేస్తాను."

ఇంకో రోజైతే ఈ మాటకు అత్తగారే నవ్వేసేవారు. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

కోడలు అప్పుడు ఒక్కసారి మాస్టారి వైపు చూసింది. అడుగుతున్న చూపు కాదు. మీరు ఉన్నారు కదా అన్నట్టు చూసిందంతే. మాస్టారు పేపరు పైకెత్తారు. అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి.

"దాన్ని ఏం చేద్దామని? మీ అమ్మగారింటికి మోసుకెళ్దామనా? ఇవాళ ఆకు, రేపు కుండీ, ఎల్లుండి దాని బట్టలు. అంతేనా?"

కోడలు ఆవిడ చేతిలోని ఆకు వైపు చూసింది. తర్వాత అంది. "అవునత్తయ్యా. మా అమ్మ అడిగింది."

అది అబద్ధమని మాస్టారికి వెంటనే తెలిసింది. ఎందుకు చెప్పిందో మాత్రం తెలియలేదు. తెలియలేదని అనుకోవడమే ఆయనకు తేలికగా ఉంది.

అత్తగారు ఆకును మధ్యకు విరిచినట్టు వంచారు. అది విరగలేదు, గట్టిగా ఉంది. కాగితం ఒకవైపు, ఆకు ఒకవైపు చెత్త బకెట్‌లోకి విసిరేశారు.

"అయితే ఆకు ఎందుకు, నువ్వే వెళ్ళు. వెళ్ళి మీ అమ్మ ఇంట్లో ఏం కోసుకుంటావో కోసుకో. నా కొడుకు లారీ దిగి ఇంటికొచ్చాక వాడికి నేను చెప్పుకుంటాను."

కింద వీధిలో చెత్త బండి గంట మోగింది.

మాస్టారు లేచారు. ఇరవై ఏళ్ళుగా ఆదివారం బకెట్ కిందికి దించడం ఆయన పనే. కాని ఇవాళ లేచినంత వేగంగా ఎప్పుడూ లేవలేదు. "బండి వచ్చింది," అన్నారు, అదొక సంజాయిషీ అయినట్టు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్యనుంచి బకెట్ పట్టుకుని మెట్లు దిగిపోయారు. బండివాడికి అందించి, ఖాళీ బకెట్ గోడకు రెండుసార్లు తట్టి, ఇంకా దులపడానికి ఏమీ లేకపోయినా మూడోసారి తట్టి, నెమ్మదిగా పైకి వచ్చారు.

అప్పటికి కోడలు తన గదిలో బట్టలు మడత పెడుతోంది.

*

చీటీల సంగతి ఇదీ.

పిచ్చుక ఇంట్లో ఏడు కుండీలు పెట్టింది. ఊరికే పెట్టలేదు. ప్రతి గదిలోనూ మధ్యాహ్నం వేళ తెల్లకాగితం నేలమీద పరిచి, దానిపైన చెయ్యి చాపి నిలబడేది. నీడ అంచులు స్పష్టంగా పడితే ఒక మొక్క, మసకగా పడితే ఒకటి, నీడే పడకపోతే ఇంకొకటి. ఆ కాగితాలు మాస్టారే ఇచ్చేవారు, పరీక్ష పేపర్లలో మిగిలిపోయినవి. వాళ్ళమ్మ గదిలో నీడ పడలేదు. అందుకని అక్కడికి పాము మొక్క తెచ్చింది. "దీన్ని చంపడం ఎవరి వల్లా కాదమ్మా. ఆఖరికి నీ వల్ల కూడా కాదు," అని ఆ రోజు ఆట పట్టించింది.

అట్టముక్కలు కత్తిరించి, వాటి మీద నీలం సిరాతో రాసి, కుండీకొకటి గుచ్చింది. మొక్క పేరు ఏ చీటీ మీదా రాయలేదు. తనకు తెలిసినప్పుడు పేరెందుకు? ఎండ, నీళ్ళు, మధ్యలో ఒకటో రెండో అల్లరి మాటలు. అంతే.

నాలుగు రోజుల జ్వరంతో ఆ పిల్ల పోయాక, వాళ్ళమ్మ ఆ చీటీలను పట్టుకుంది. పొద్దున్నే లేచి కుండీ కుండీకీ వెళ్ళి చదివేది. చదివినట్టే చేసేది. ఒకరోజు నీళ్ళు చింది రెండు చీటీల మీద సిరా కారింది. ఆవిడ కొంగుతో అద్దుతూ, అద్దినకొద్దీ అక్షరాలు చెరిగిపోతుంటే, నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయింది.

ఆ సాయంత్రమే మాస్టారు ఏడు చీటీలూ తీసి, బడి ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టుకు తీసుకెళ్ళి ప్లాస్టిక్ పొర వేయించారు. నోటుపుస్తకంలో వరస తప్పకుండా పెట్టుకునే వెళ్ళారు. కొట్టువాడు ఏడింటినీ ఒకే తొడుగులో పెట్టి, యంత్రంలోకి తోసి, కత్తిరించి, పేకముక్కల్లా కలిపి చేతిలో పెట్టాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకు 'జతపరచండి' అని ప్రశ్నలు ఇచ్చిన మనిషి. ఇంటికొచ్చి, చదివి, ఊహించి, తోచినట్టు గుచ్చేశారు. కలబందది ఒకటి తెలిసింది, 'ఎండ, ఎండ, ఇంకా ఎండ' అని ఉంది కాబట్టి. మిగతావి తెలియలేదు. తెలియలేదని ఇంట్లో చెప్పలేదు.

చెబుదామనే అనుకున్నారు. కాని మెరుస్తున్న చీటీలను చూసి భార్య, "మంచి పని చేశారండీ," అంది. ఆ రాత్రి పళ్ళెం ఖాళీ చేసి లేచింది. కూతురు పోయాక అదే మొదటిసారి.

ఇంక ఏం చెబుతారు?

*

మాస్టారు కోడలి గది గుమ్మంలో ఆగారు.

"మీ అమ్మ అడిగిందని ఎందుకన్నావమ్మా?"

"మరి ఏమనమంటారు మామయ్యా?" ఆమె చీర మడత పెట్టడం ఆపలేదు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మీరు గుచ్చిన మర్నాటినుంచి. తల వాల్చేస్తే కంగారు పడకు అన్న చీటీ హాల్లో తెల్లపూల మొక్కది. అది రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. 'వదినా, ఇది అచ్చం నీలాగే. ఒక్క మాటంటే తల వాల్చేస్తుంది, కాసిన్ని నీళ్ళు పోస్తే లేచి కూచుంటుంది,' అంది." కోడలు మడతపెట్టిన చీర సంచీలో పెట్టింది. "పాము మొక్కది వేరే. 'నెలకు రెండుసార్లు చాలు. మరిచిపోయినా ఏమీ అనుకోదు' అని. దాన్ని మీరు తెల్లపూల మొక్కకు పెట్టారు."

"మరి ఆ తెల్లపూల మొక్క బాగానే ఉందిగా?"

"డ్యూటీ నుంచి రాగానే నేను పోస్తున్నాను. అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు."

మాస్టారు గుమ్మం పట్టుకున్నారు.

"అప్పుడే చెప్పొచ్చు కదమ్మా నాతో."

"ఏమని చెప్పను? అత్తయ్య అప్పుడే కాస్త తింటోంది. మీ మొహంలో కూడా కొంచెం కళ వచ్చింది. నీళ్ళు ఒంపేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. సరిపోలేదు. పసుపు తిరిగేకొద్దీ నీళ్ళు చాల్లేదేమోనని ఆవిడ ఇంకో చెంబు పోసేది." ఆమె సంచీ జిప్పు లాగింది. "మీరే చెబుతారని కూడా చూశాను మామయ్యా. ఇందాకటి దాకా చూశాను."

ఆ చివరి మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి.

"ఆటో పిలిచాను. పది నిమిషాల్లో వస్తుంది," అంది కోడలు.

*

భార్య తన గదిలో పాము మొక్క పక్కన నేలమీద కూర్చుని ఉంది. చేతిలో చెంబు.

"ఇవాళ పోయాల్సిన రోజు," అంది, ఆయన అడక్కుండానే.

"పోయకు."

"మీరూ మొదలుపెట్టారా?"

"ఆ చీటీ దానిది కాదు."

ఆవిడ చెంబు కింద పెట్టలేదు. "దాని రాత నాకు తెలీదా?"

"రాత దానిదే. కుండీయే వేరు. పొర వేయించి తెచ్చిన రోజు కలిసిపోయాయి. నేను తోచినట్టు గుచ్చాను. ఈ చీటీ హాల్లో మొక్కది. దీనికి నెలకు రెండుసార్లు పోస్తే చాలు."

ఇంత చిన్న మాటలు. నలభై రోజులుగా దాచుకున్నవి, బయటికి వస్తే నాలుగు వాక్యాలే అయ్యాయి.

"కోడలు పిల్ల మీకు నూరిపోసింది."

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని ఒక ఆకును వేళ్ళతో పట్టుకున్నారు. లాగలేదు, పట్టుకున్నారంతే. అది మొదలుకంటా ఊడి చేతిలోకి వచ్చింది. కింది భాగం ఉడికిన దుంపలా మెత్తగా, గోధుమరంగులో ఉంది. వాసన గది నిండింది. పేపరు పరిచి కుండీ వంచితే మట్టి ముద్దగా జారి పడింది. వేళ్ళు ఉండవలసిన చోట నల్లటి తీగలున్నాయి. వేలు తగిలితే పైపొర ఊడి దారం మిగిలింది.

ఆవిడ చాలాసేపు చూసింది.

"అంటే నేను చంపానా?"

"నేను."

"పోసింది నేను కదా."

"చీటీ పెట్టింది నేను."

"అది నా వల్ల కూడా కాదంది," అంది ఆవిడ. "చంపడం."

మాస్టారు చేతిలోని ఆకును పేపరు మీద పెట్టారు.

"బతికున్నప్పుడు దాని మాట ఒక్కటీ విన్నానా నేను? ఆ కొట్లో పనేంటే అన్నాను. జుట్టు అలా కత్తిరించుకోకే అన్నాను. ఆస్పత్రికి పోదామమ్మా అంటే, మామూలు జ్వరమే, రేపు చూద్దాం అన్నాను." గొంతు ఎక్కడా పెరగలేదు. "ఇప్పుడైనా వింటున్నాను కదా అనుకున్నాను. రోజూ పొద్దున్నే దాని మాట వింటున్నాననుకున్నాను."

"రేపు చూద్దామని నేనూ అన్నాను."

"మీరు అనలేదు. మీరు ఏమీ అనలేదు. మీరెప్పుడు ఏమన్నారు గనక?"

ఆవిడ లేచింది. హాలు, వంటగది, బాల్కనీ తిరిగి, మట్టి అంటిన చీటీలన్నీ పీకి తెచ్చింది. పాము మొక్క చీటీ కూడా కలిపి ఆయన ముందు నేలమీద ఏడింటినీ వరసగా పరిచింది.

"జతపరచండి మాస్టారూ."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

ఆయన మూడు పక్కన పెట్టగలిగారు. అందులో రెండు కోడలు చెప్పినవే. మిగిలిన నాలుగింటి మీదా చెయ్యి ఆగిపోయింది. 'వారానికోసారి తడిగుడ్డతో ఒళ్ళు తుడువు.' ఏ ఒళ్ళు? 'దారి చూపిస్తే చాలు, అదే పాకుతుంది.' అది మనీప్లాంటుదే అనిపించింది, కాని అప్పుడూ ఇలాగే అనిపించింది కదా.

"వీటిలో దాని మాట ఏది? నేను ఏది విన్నాను?" ఆవిడ అడుగుతోంది. "చెప్పండి."

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు ఆగింది. కోడలు సంచీ భుజాన వేసుకుని ఉంది. చెప్పి వెళ్దామని వచ్చినట్టుంది. నేలమీద పరిచిన చీటీలు చూసింది, బోర్లించిన కుండీ చూసింది, మామగారి మొహం చూసింది. కింద ఆటో హారన్ మోగింది.

అత్తగారు వెనక్కి తిరగలేదు.

"అమ్మాయ్. ఆ ఆకు ఎందుకు కోశావు?"

"ఇదంతా కుళ్ళిపోయిందత్తయ్యా. గట్టిగా ఉన్నది అదొక్కటే. నాలుగు రోజులు కోత ఆరనిచ్చి పొడిమట్టిలో గుచ్చితే వేళ్ళు వస్తాయి. పిచ్చుక కొట్లో అలాగే చేసేవాళ్ళు. రోజూ ల్యాబులో పేపరు తీసి గాలికి పెట్టి, సాయంత్రం తెచ్చుకుంటున్నాను. ఇవాళే నాలుగో రోజు."

"అయితే బతుకుతుందా?"

"అన్నీ బతకవు. కొన్ని బతుకుతాయి."

అప్పుడు ముగ్గురూ ఒకేసారి వంటగది వైపు చూశారు. గట్టు కింద చెత్త బకెట్ ఖాళీగా, శుభ్రంగా, మూడుసార్లు దులిపి బోర్లించి ఉంది.

వెనక వీధిలో ఎక్కడో గంట మోగుతోంది.

మాస్టారు చెప్పులు వేసుకోలేదు. మెట్లు దిగడంలో ఒకచోట గోడ పట్టుకున్నారు, ఒకచోట పట్టుకోలేదు. ఆటోవాడు "మీరేనా బాబాయ్ రావాల్సింది?" అంటే వినిపించుకోలేదు. బండి వెనక వీధంతా తిరిగి మలుపులోకి వస్తుంది. అక్కడ పెద్ద బండిలోకి కుమ్మరిస్తారు. అది ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఎంత సేపటికి వస్తుందో కూడా తెలుసు.

బండి మలుపులోనే ఉంది. ఇంకా కుమ్మరించలేదు.

"ఆగు," అన్నారు. బండివాడికి వినిపించలేదు. మళ్ళీ అన్నారు.

బండివాడు పార దించాడు. "ఏం పోయింది మాస్టారూ? ఉంగరమా?"

"ఆకు."

"ఏంటీ?"

"ఆకు. జానెడు. పచ్చగా ఉంటుంది."

బండివాడు ఆయన మొహం వైపు చూశాడు. నవ్వబోయి మానుకున్నాడు. పక్కకు జరిగి బండి చూపించాడు. వెనక వీధిలో ఎవరో ఆ ఉదయమే ప్రహరీ వెంట కంచె మొక్కలు కత్తిరించినట్టున్నారు. అంచులదాకా, పైన కుప్పగా, అన్నీ ఆకులే. కొమ్మలు, రెమ్మలు, పచ్చి ఆకులు, పసుపు గీతల ఆకులు కూడా.

"ఇదంతా ఆకే కదండీ. ఇందులో మీది ఏదో ఎలా తెలుస్తుంది?"

మాస్టారు వెనక్కి తిరిగి చూశారు. మలుపులోంచి తమ కిటికీ కనిపిస్తుంది. ఊచలు పట్టుకుని భార్య నిలబడి ఉంది. ఆవిడ పక్కన కోడలు ఉందో లేదో ఎండ కొట్టి కనిపించడం లేదు. ఆటో మాత్రం కదలలేదు. హారన్ ఇంకోసారి మోగింది.

ఆయన చొక్కా చేతులు మడిచారు. బండి చక్రం మీద కాలు పెట్టారు.

"నువ్వు చెయ్యి పెట్టకు. నేనే చూస్తాను," అన్నారు.